సుందర్ రాజ్ గారి తేలికపాటి స్టఫింగ్

బుధవారం ఉదయం తొమ్మిదిన్నరకు సుందర్ రాజ్ నాలుగు బటర్ స్టిక్‌లను వంటింటి గట్టు మీద వరసగా పేర్చి, ఒక్కసారి చూసుకుని, మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టేశాడు. పదకొండేళ్ళుగా థాంక్స్‌గివింగ్ ముందురోజు ఆ నాలుగూ కరిగేవి. ఈ ఏడు కరగవు.

అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఆయనకు కిరాణా కొట్టుంది. అక్కడి తెలుగు క్రైస్తవ సంఘంలో థాంక్స్‌గివింగ్ భోజనాల ఏర్పాటు కూడా ఆయనదే. టర్కీ కోడిని ఎవరైనా తెస్తారు. దాని కడుపులో కూరే స్టఫింగ్ మాత్రం ఆయనే చేయాలి. ఎండబెట్టిన బ్రెడ్ ముక్కలు, ఉల్లి, సెలరీ కాడలు, సాసేజ్, అల్లం, పచ్చిమిర్చి, పైన కరివేపాకు. ఆ ట్రే ఖాళీ అయ్యాకే జనం మిగతా వంటకాల వైపు చూసేవారు.

ఆరు వారాల కిందట డాక్టరు ఆయన కొలెస్టరాల్ చూసి మాత్ర రాయబోయింది. సుందర్ రాజ్ బేరానికి దిగాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఎదుటివాడు మొదట చెప్పిన ధరకు ఏదీ కొన్నవాడు కాదు. చివరికి ఆరు వారాల గడువు మీద బేరం తెగింది. పండగ తరువాతి సోమవారం రక్తపరీక్షలో అంకె దిగితే మాత్ర లేదు, దిగకపోతే జన్మంతా మాత్రే. ఆనాటి నుంచి పొద్దున ఓట్స్, రాత్రి ఓట్స్. ఇంటికొచ్చాక భార్య మణితో ఇంకో బేరం పెట్టుకున్నాడు. స్టఫింగ్ వెన్న లేకుండా తేలిగ్గా చేస్తే గురువారం మధ్యాహ్నం ఒక కప్పు తినొచ్చు.

"ఒకే ఒక్క కప్పు," అంది మణి. "వండేటప్పుడు రుచి చూసినా అందులోంచి తగ్గిస్తాను."

"చెంచాడు కూడానా?"

"చెంచాలు కలిస్తేనే కదండీ కప్పయ్యేది. కొట్లో మీరు గింజలు కూడా తూస్తారు కదా."

ఆ కప్పు కోసమే ఆరు వారాలు లాక్కొచ్చాడు. అందుకే ఆ ఉదయం లెక్క పక్కాగా వేశాడు. తెల్ల బ్రెడ్ బదులు గోధుమ బ్రెడ్. నాలుగు స్టిక్‌ల వెన్న బదులు రెండు చెంచాల ఆలివ్ నూనె. సాసేజ్ బదులు పుట్టగొడుగులు, ఆపిల్ ముక్కలు. చికెన్ రసాన్ని రాత్రే ఫ్రిజ్‌లో పెట్టి, పైన గడ్డకట్టిన కొవ్వును అట్టులా తీసి పారేశాడు. టర్కీ కడుపులో కూరితే దాని కొవ్వంతా తాగుతుంది కనుక విడిగా ట్రేలోనే కాల్చాలి. ఇంత తీసేశాక మిగిలేది సరుకా, సంచా అన్న అనుమానం ఆయనకు లేకపోలేదు. మార్కెట్లో దొరికేదాన్నే మెచ్చుకోవడం వ్యాపారికి మొదటి పాఠం. మెచ్చుకున్నాడు.

మణి ఉల్లిపాయలు తరుగుతూ, ఈసారి సాసేజ్ ఉండదని లిస్టులో మార్పించడానికి అబిగేల్‌కు ఫోన్ చేసింది. అబిగేల్ పాస్టర్ గారి భార్య. భోజనాల లిస్టు ఆమె దగ్గరే ఉంటుంది. అప్పుడు సరిగ్గా పది గంటలైంది.

ఆ సంఘంలో బుధవారం పది గంటలకు ప్రార్థన గొలుసు మొదలవుతుంది. కష్టంలో ఉన్నవాళ్ళు అబిగేల్‌కు చెబుతారు. ఆమె ఒకరికి, ఆ ఒకరు ఇంకొకరికి, అలా తొమ్మిది ఇళ్ళకు ఫోన్ల మీద కబురు నడుస్తుంది. పేరు మాత్రం చెప్పకూడదు. నిరుడు ఒకాయన ఉద్యోగం పోయిన సంగతి గొలుసులోంచి జారి ఆయన ఇంటి ఓనరుకు చేరింది. అప్పుడు కమిటీలో లేచి నిలబడి, "దేవుడికి పేర్లు తెలుసు. మనకెందుకు?" అని ఆ నియమం పెట్టించింది సుందర్ రాజే. గొలుసులో ఆఖరి ఇల్లు కూడా ఆయనదే.

"వందనాలు అబిగేల్," అంది మణి ముక్కు ఎగబీలుస్తూ. ఉల్లి ఘాటుకు కళ్ళు ధారలు కడుతున్నాయి. "డాక్టరు గారు ఈయన్ని వెన్న ముట్టుకోవద్దన్నారు. గుండెకి మంచిది కాదంట. సోమవారం టెస్టుంది. అదైతేగానీ ఏ సంగతీ తెలీదు."

"అయ్యో వదినా, ఏడవకండి!"

"ఏడవట్లేదమ్మా, ఉల్లిపాయలు," అంది మణి. ఏడుస్తున్న ఆడవాళ్ళందరూ చెప్పేది అదే కనుక అబిగేల్ నమ్మలేదు. "సాసేజ్ సంగతి రాసుకో," అని మణి అనేలోపు ఆమె కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టేసింది. మణి కూడా మర్యాదకు కత్తి పక్కన పెట్టి, ఆమేన్ అని ఫోన్ పెట్టేసింది.

అబిగేల్ రెండో ఇంటికి ఉన్నది ఉన్నట్టే చెప్పింది. గుండె, సోమవారం టెస్టు, ఇల్లాలి కన్నీళ్ళు. ఆ ఇంటాయన గేర్‌బాక్సుల ఇంజనీరు. కారణం లేకుండా చప్పుడు రాదని ఆయన నమ్మకం. ఏడ్చిందంటే ఎటాకే వచ్చి ఉంటుందని తేల్చాడు. మూడో ఇంటావిడ ఎటాక్‌కు స్టెంట్ వేయించింది. ఐదో ఇంటికి చేరేసరికి స్టెంట్ పనిచేయలేదు. ఏడో ఇంట్లో బైపాస్ ఖాయమైంది. సరుకు చేతులు మారేకొద్దీ పెరుగుతుంది. మధ్యలో ఎవరూ దొంగలు కారు, తలా కాస్త రవాణా ఖర్చు కలుపుతారంతే. పేరు మాత్రం ఒక్కరూ చెప్పలేదు. "కిరాణా కొట్టున్న బ్రదర్" అని ఊరుకున్నారు. సంఘంలో కొట్టున్నది ఒక్కరికే.

ఎనిమిదో ఫోన్ సృజన్‌ది. కాకినాడ కుర్రాడు, ఇక్కడ ఎమ్మెస్ చేస్తున్నాడు. గొలుసులో తన తరువాతి నంబరు ఎవరిదో చూసుకుని రెండుసార్లు ఫోన్ పక్కన పెట్టేశాడు. కానీ గొలుసు తెగకూడదు. ధైర్యం చేసి నొక్కాడు.

"వందనాలు అంకుల్. ప్రేయర్ చైన్. ఒక బ్రదర్‌కి... హార్ట్ సర్జరీ అంట."

"అయ్యయ్యో! ఎవరికి... వద్దు, వద్దు. చెప్పకు. ఆ రూల్ పెట్టింది నేనే."

తన సంగతి తనకే చెబుతుంటే ఇంత నిబ్బరంగా వినే మనిషిని సృజన్ ఎక్కడా చూడలేదు.

"అంకుల్, మీరు... ఓకేనా?"

"నాకేంరా, గుండ్రాయిలా ఉన్నాను. పాపం ఆ బ్రదర్ మాటేంటి? రేపు లంచ్‌కి వస్తున్నాడా?"

"రావొచ్చా అంకుల్?"

"రావాలి. ఇంట్లో పడుకోబెడితే ఇంకా కుంగిపోతాడు. కానీ తిండి దగ్గర మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. గుండెజబ్బు మనిషికి నోరే శత్రువు. రాగి జావ ఇవ్వండి చాలు. టేబుళ్ళ దగ్గరికి రానివ్వొద్దు. బరువులు ఎత్తనివ్వొద్దు."

సృజన్ రాసుకుంటున్నాడు. "మరి ఆయన తింటానంటే?"

"అంటాడు! 'నాకేం కాలేదు, కొంచెం పెట్టండి' అంటాడు. అందరూ అలాగే అంటారు. ససేమిరా నమ్మొద్దు."

"ఆయన పెద్దాయనైతే? మాకు అలా చెప్పడం..."

"ఎంత పెద్దాయనైతే ఏంటి? కోప్పడితే కోప్పడనీ. భోజనాల ఇన్‌ఛార్జిగా ఇది నా ఆర్డరని అందరికీ చెప్పు."

ఫోన్ పెట్టేసి సుందర్ రాజ్ మోకాళ్ళూని, ముక్కూ మొహం తెలియని ఆ అభాగ్యుడి కోసం పావుగంట మనసారా ప్రార్థించాడు. ఆ జావైనా అతనికి సయించేలా చూడమని దేవుణ్ణి ప్రత్యేకంగా కోరాడు.

గురువారం మధ్యాహ్నం చర్చి హాలు ముందు కారు దిగి ట్రే చేతుల్లోకి తీసుకున్నాడో లేదో, గేర్‌బాక్సుల ఇంజనీరు పరుగున వచ్చి లాక్కున్నాడు. "మీరు మోయకూడదన్నా!" ఇంకెవరో మోచెయ్యి పట్టుకున్నారు. హాల్లో హీటర్ పక్కన మెత్త వేసిన కుర్చీ సిద్ధంగా ఉంది. కూర్చోబెట్టి శాలువా కప్పారు. పదకొండేళ్ళ సేవకు సన్మానం కాబోలనుకున్నాడు సుందర్ రాజ్. సన్మానం ఊరికే వచ్చేది కనుక కాదనలేదు. పాస్టర్ మోజెస్ గారు వచ్చి తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు తీయలేదు.

అటు వంటగదిలో ఆడవాళ్ళు మణిని చుట్టుముట్టారు. "ఎలా తట్టుకుంటున్నావమ్మా?" అంది ఒక పెద్దావిడ.

ఓట్స్ తినే మొగుడితో పడుతున్న అవస్థ ఇంతమందికి తెలిసిందే అని మణి తృప్తిపడింది. "ఆరు వారాల్నుంచి ఇదే తంతు పిన్నిగారూ. రాత్రుళ్ళు లేచి కూచుంటారు. ఫ్రిజ్ తలుపు తీసి అలా చూస్తూ నిలబడతారు."

"ఆరు వారాలా! ఒక్క మాటైనా చెప్పలేదే!"

"చెప్పుకునే విషయమా?" అంది మణి. వంటగది అంతా కళ్ళు తుడుచుకుంది.

భోజనాలు మొదలయ్యాయి. ట్రే మీది రేకు తీయగానే కరివేపాకు, సెలరీ, వేగిన ఉల్లి కలిసిన వాసన హీటర్ గాలితో నేరుగా కుర్చీ దగ్గరికి వచ్చింది. సుందర్ రాజ్ ఇంటి నుంచి తెచ్చుకున్న కొలత కప్పు జేబులోంచి తీసి లేవబోయాడు. ఎదురుగా సృజన్ గిన్నెతో నిలబడి ఉన్నాడు. గిన్నెలో జావ.

"ఇదెవరికిరా?"

"మీకే అంకుల్."

"నాకెందుకు? నా స్టఫింగ్ ఒక కప్పు పట్రా. కొంచెమే."

సృజన్ జేబులోంచి కాగితం తీసి చూసుకున్నాడు. "నాకేం కాలేదు, కొంచెం పెట్టండి అంటారు. నమ్మొద్దన్నారు అంకుల్."

"ఎవడన్నాడు?"

"మీరే."

సుందర్ రాజ్ కాగితం వంక, జావ వంక, తన ఒంటి మీది శాలువా వంక చూశాడు. లెక్క తేలడానికి ఎక్కువసేపు పట్టలేదు. "ఒరేయ్! ఆ బ్రదర్ నేనా?"

"మీకు తెలీదా అంకుల్?"

"తెలిస్తే జావ అంటానా!"

ఒక్కొక్కరికీ చెప్పి చూశాడు. ఒక్కొక్కరూ తలూపి, కళ్ళు చెమర్చి, భుజం తట్టి వెళ్ళారు. చిల్లర బేరం కుదరదని అర్థమైంది. అందరికీ ఒకేసారి చెప్పాలి. అటు ట్రే సగానికొచ్చింది. శాలువా విసిరేసి వేదిక ఎక్కి మైకు అందుకున్నాడు.

"అందరూ వినండి! నాకు ఏ జబ్బూ లేదు!"

వెనక నుంచి ఒక గొంతు, "హల్లెలూయా!" అంది.

"అది కాదు. నాకు బైపాస్ అక్కర్లేదు!"

"హల్లెలూయా!" ఈసారి ఇరవై గొంతులు.

"స్టెంట్ లేదు! ఎటాక్ లేదు! నా గుండె గుండ్రాయిలా ఉంది!"

హాలు లేచి నిలబడింది. తంబుర మోగింది. అబిగేల్ వెక్కి వెక్కి ఏడ్చింది. నిన్న పదింటికి గొలుసు మొదలైతే ఇవాళ ఒంటి గంటకు స్వస్థత! సంఘం చరిత్రలో ఇంత వేగంగా ఏ కబురుకూ జవాబు రాలేదు. సుందర్ రాజ్ ఎంత కాదంటే అంత సాక్ష్యమైంది. పాస్టర్ గారు ఆనందంతో మైకు తీసుకుని, "సిస్టర్ మణీ, మీరు కూడా ఒక మాట చెప్పండి," అన్నారు.

మణికి అప్పటికి సంగతి అర్థమైంది. నిజం చెప్పి ముగించేద్దామని, "ఇందులో ఏమీ లేదండీ. డాక్టరు వెన్న మానమన్నారు. ఈయన మానేసి ఇదిగో, ఈ స్టఫింగ్ తేలిగ్గా చేశారు. అంతే," అంది.

రెండు వందల కళ్ళు ట్రే మీద పడ్డాయి.

ఆ సంఘంలో బీపీ లేని ఇల్లు లేదు. షుగర్ లేని ఇల్లు ఉన్నా అది కుర్రవాళ్ళు అద్దెకుండే ఇల్లు. ఒక్క నిమిషంలో ట్రే చుట్టూ మూడు వరసలు కట్టారు. ప్లేట్లు అయిపోతే కాగితపు గ్లాసులు పట్టారు. సుందర్ రాజ్ కప్పు పట్టుకుని జనాన్ని తోసుకుంటూ చేరేసరికి ట్రే అడుగు అద్దంలా మెరుస్తోంది. ఆఖరి ముక్కలు పిన్నిగారి డబ్బాలో ఉన్నాయి.

"పిన్నిగారూ, ఒక్క చెంచా..."

"నీకు తగ్గిపోయిందిగా నాయనా," అంది ఆవిడ డబ్బా మూత బిగిస్తూ. "మా ఆయనకి ఇంకా తగ్గలేదు."

సృజన్ జావ వేడిచేసి మళ్ళీ తెచ్చాడు. అది సయించింది. ప్రార్థనలోని ఆ ఒక్క భాగమూ అక్షరాలా నెరవేరింది.

సోమవారం పరీక్ష అయింది. బుధవారం డాక్టరు ఫోన్ చేసింది. అంకె దిగింది, బేరంలో ఒప్పుకున్న దాని కంటే ఇంకా కిందికే దిగింది. పండగ వెళ్ళాక పరీక్షకొచ్చిన వాళ్ళలో అలా దిగింది ఆయనొక్కడికేనట. మాత్ర లేదు. క్రిస్మస్‌కు ఒక పూట ఇష్టమైనది తినొచ్చు.

సుందర్ రాజ్ ఆ నిమిషమే అబిగేల్‌కు ఫోన్ చేశాడు. "క్రిస్మస్ స్టఫింగ్ కూడా నాదే అమ్మా. ఈసారి పాత పద్ధతిలో, నాలుగు స్టిక్‌ల వెన్నతో."

"ఇంకెక్కడి పాత పద్ధతి అన్నా?" అంది అబిగేల్. "అందరూ ఆ లైట్‌దే కావాలంటున్నారు. షాంటిలీలో మా అక్కవాళ్ళ చర్చి నుంచి కూడా అడుగుతున్నారు. మీ పేరు మీద నాలుగు ట్రేలు రాసేశాను. ఒక్క చుక్క వెన్న పడినా ఊరుకునేది లేదని పాస్టర్ అయ్యగారు చెప్పమన్నారు."

ఫోన్ పెట్టేసేసరికి కొట్లో కొత్తగా ఈ ఊరొచ్చిన ఒకావిడ గోధుమ బ్రెడ్, సెలరీ, పుట్టగొడుగులు బుట్టలో వేసుకుని ఎదురుగా నిలబడి ఉంది. "అందరూ అదే చెబుతున్నారండీ, మీ స్టఫింగ్ గురించి. వెన్న లేకపోయినా నిజంగా అంత బాగుంటుందా?"

"అద్భుతంగా ఉంటుందమ్మా," అన్నాడు సుందర్ రాజ్, బుట్ట అందుకుంటూ.

తాను రుచి చూడని సరుకును పొగడటం ఇరవై ఏళ్ళ వ్యాపారంలో ఆయనకు అదే మొదటిసారి.