తొమ్మిది గంటల తలుపు

ఆ నెల మొదటి ఆదివారం ఆరాధన సరిగ్గా తొమ్మిదికి మొదలుపెట్టి పదకొండుకల్లా ముగించాలని పాస్టర్ గిరిబాబు అనుకున్నారు. గరివిడిలో ఆయన సంఘం చిన్నదే, కానీ దానికొక పెద్ద జబ్బు ఉంది: ఆలస్యం. సగం మంది మూడో పాటకి వచ్చేవారు. మిగతా సగం ప్రసంగం మధ్యలో వచ్చి, చాప ఎక్కడుందని గట్టిగా అడిగేవారు. అందుకే రెండు నెలల కిందట ఆయన నియమం పెట్టారు. తొమ్మిది కొట్టగానే తలుపు మూసెయ్యాలి. సెల్‌ఫోన్లన్నీ గుమ్మం దగ్గర బుట్టలో వెయ్యాలి.

తలుపు బాధ్యత సంఘపెద్ద కూర్మయ్యది. ఆయన ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. పాసు లేకపోతే సొంత బావమరిదిని కూడా లోపలికి పంపలేదని పేరు.

"ఎవరొచ్చినా తియ్యకండి. రేపు నేనొచ్చినా తియ్యకండి," అన్నారు గిరిబాబు, మాట బరువు తెలియాలని. కూర్మయ్య దాన్ని డ్యూటీ ఆర్డరుగా మనసులో రాసుకున్నాడు.

కిందటి నెల ఆ తలుపు బయట నిలబడిపోయింది జగ్గమ్మ. నాలుగు నిమిషాలు ఆలస్యం. డెబ్బై దాటిన మనిషి, ఈ గుడి గోడలకి తట్టలతో మట్టి మోసిన మనిషి. నెల మొదటి ఆదివారం అందరూ తలో ముక్క పంచుకునే ప్రభువు బల్లకి పులియని రొట్టె ముప్పై ఏళ్లుగా ఆమె చేతిదే. పాత పాస్టర్ నారాయణమూర్తి గారి కాలంలో గుడికి గడియారమే లేదు. ఆయన సైకిలు గోడకి ఆనించి, "జగ్గమ్మ రొట్టె వచ్చిందా?" అని అడిగేవారు. వచ్చిందంటే ఆరాధన మొదలు. గుడ్డ మూట విప్పగానే వచ్చే ఆ పెనం వాసనే పెద్దవాళ్లకి ఇప్పటికీ ఆదివారం.

ఈ ఆదివారం ఎనిమిదిన్నరైనా రొట్టె రాలేదు.

"బేకరీ బ్రెడ్డు తెప్పించీమంటారా, మీరే ఎల్లి ఆవిడ్ని బతిమాలుకుంటారా?" అంది గిరిబాబు భార్య రాజకుమారి.

ఆయన బండి తీశారు. రైలు గేటు అవతల జగ్గమ్మ ఇంట్లో రొట్టె తయారుగానే ఉంది. జగ్గమ్మే కదల్లేదు.

"రొట్టి అట్టుకెల్లు బాబూ. నానెందుకు? నా మోకాళ్లకి మీ గడియారం తెల్దు."

"మీరు రాకపోతే ఆ బల్ల దగ్గర నేను ఏ మొహంతో నిలబడతాను మామ్మా? ఎక్కండి."

ఆమె ఎక్కింది. గేటు పడింది. గూడ్సు బండి వచ్చింది, ఆగింది, కాసేపు ఆలోచించి కదిలింది. గుడి చేరేసరికి తొమ్మిదీ ఏడు.

"కూర్మయ్య గారూ, తియ్యండి!"

"ఎవరండీ?"

"నేనే, గిరిబాబుని!"

"గిరిబాబు గారే తియ్యొద్దని సెప్పారండి."

"ఆ గిరిబాబుని నానేనయ్యా!"

"తెలస్తన్నాది, గొంతు పోల్చాను. మీరొచ్చినా తియ్యొద్దని కూడా సెప్పారు."

గిరిబాబు భార్యకి ఫోన్ చేశారు. గుమ్మం దగ్గర బుట్ట గుర్రుమంది. రాజకుమారి లేవబోతే, పాటలు పాడించే తాయారు చెయ్యి పట్టుకుని లాగింది.

"కూకోండి అమ్మగారూ! అయ్యగారు మనల్ని పరీచ్చ సేస్తన్నారు. ఈపాలి ఓడిపోకూడదు!"

ఆ మాట చాపల మీదుగా క్షణంలో పాకింది. తలుపు చప్పుడు వినపడకుండా అందరూ గొంతు పెంచారు.

ఎప్పుడూ అందరికంటే ఆఖర్న వచ్చే సోములు అప్పుడే వచ్చాడు. బయట అరుగు మీద పాస్టర్ గారిని చూసి మురిసిపోయాడు.

"ఈవేళ బయటేటండి? బాగున్నాది! నాను ముందొచ్చీసాను!" అని చతికిలబడ్డాడు. అతన్ని చూసి మరో పదిహేను మంది ఆలస్యం వాళ్లు వరసగా కూర్చున్నారు.

జగ్గమ్మ మూట విప్పింది. పాత పాస్టర్ గారు నేర్పిన పాట, డప్పూ మైకూ లేకుండా, సన్నగా ఎత్తుకుంది. లోపల ఒక్కొక్క గొంతూ ఆగిపోయింది. కిటికీలు తెరుచుకున్నాయి. రొట్టె వాసన లోపలికి వెళ్లింది.

"తలుపు తియ్యి కూర్మయ్యా, మేం బయటికి పోతాం!" అంది రాజకుమారి.

కూర్మయ్య ఆలోచించాడు. "లోపలికి రావడానికే ఆర్డరు లేదు. పోడానికి అడ్డేటి లేదు," అని తీశాడు.

అందరూ వచ్చి అరుగు మీద సర్దుకున్నారు. చివరికి తాళంచెవితో గుమ్మంలో కూర్మయ్య ఒక్కడే మిగిలాడు.

"నానూ రావచ్చేటండి? నలబై నిమిషాలు లేటైపోనాను," అన్నాడు నేల చూస్తూ.

గిరిబాబు జేబు తడుముకున్నారు. అందులో ఆ రోజు ప్రసంగం కాగితాలున్నాయి. అంశం, కృప.

"రా తమ్మీ," అంది జగ్గమ్మ. "నీ ముక్క దాసినాను."

గిరిబాబు కాగితాలు తియ్యలేదు. "క్రమం ఉండాలి, కాదనను. కానీ తలుపు మూసీముందు బయట ఎవరున్నారో సూడాలి. నాను సూడలేదు. క్షమించండి మామ్మా."

"ఊరుకో బాబూ. బండెక్కించి తెచ్చావు కదా," అని రొట్టె అందించింది.

బోర్డు మీద ఆరాధన సమయం ఇప్పటికీ తొమ్మిదే, తలుపుకి మాత్రం తాళం పడదు. ఆ ఒక్క ఆదివారం అందరికంటే ముందు తానే వచ్చానని సోములు ప్రతివారం చెబుతుంటాడు, పదిన్నరకి వచ్చి.