గుమాస్తాగారి సొంత రచన

ఆ ఉదయం హెడ్ గుమాస్తాగారి పథకం చాలా చిన్నది. భార్య రాసిచ్చిన వీడ్కోలు ప్రసంగాన్ని కాఫీ చల్లారేలోగా తన దస్తూరీలో ఎత్తి రాసుకోవడం, పదకొండింటికి రిటైరవుతున్న పెద్దాఫీసరు ముందు చదవడం, ఆయన మెప్పుతో పన్నెండింటికల్లా ఆఫీసు పత్రికకు సంపాదకుడైపోవడం. ఇరవై ఏళ్లుగా ఎవరు రిటైరైనా ఆఫీసంతా కళ్లు ఒత్తుకునేది ఆయన ప్రసంగానికే. వాటిని రాసే చెయ్యి ఎవరిదో మూడో కంటికి తెలియదు.

అక్షరదోషాలు చూడమని కాగితం టైపిస్టుకిచ్చారు. ఆమె దాన్ని కంప్యూటరులోకి ఎక్కించి, ఒక బటన్ నొక్కబోయి, రాసింది మనిషో మిషనో తేల్చే ఇంకో బటన్ నొక్కింది. "తొంభై రెండు శాతం కృత్రిమ మేధ రాసినది" అని తెర మీద ఎర్రటి అక్షరాలు వెలిగాయి. సరిగ్గా అప్పుడే మేనేజరు అటు వచ్చాడు.

"మిషను చేత రాయించి మీ పేరు పెట్టుకుంటారా? సిగ్గుండక్కర్లా?"

"ఒట్టండీ! ఇందులో ప్రతి అక్షరం మనిషి రాసిందే."

ఒట్టులో అబద్ధం లేదు. అదే ఆయన ధైర్యం.

"అయితే ఇక్కడే కూర్చుని, మన ఆఫీసు కుంటి కుర్చీ మీద పది వాక్యాలు రాయండి. చూద్దాం."

గుమాస్తాగారు "కుర్చీకి నాలుగు కాళ్లుండును" అని రాసి, ఆలోచించి, మూడు అని దిద్దారు. ఆపైన కలం కదల్లేదు. కడుపులో తిప్పుతోందని చెప్పి బాత్రూంలో దూరి, భార్యకు ఫోన్ చేశారు. ఆవిడ బట్టలారేస్తూనే పది వాక్యాలు చెప్పింది. ఈయన వాటిని అరచేతి మీద రాసుకొచ్చి కాగితం మీద దింపారు. కంప్యూటరు ఈసారి తొంభై ఏడు అంది.

"బాత్రూంలోకి ఫోనెందుకు? ఇటివ్వండి!" మేనేజరు లాక్కుని చూశాడు. చివరి కాల్ "రచనా సహాయం" పేరుతో ఉంది. గుట్టు బయటపడకుండా గుమాస్తాగారే భార్య నంబరుకు వేసిన ముసుగు అది. మేనేజరు స్పీకరు పెట్టి ఆ నంబరు నొక్కాడు.

"మళ్లీ ఏం రాయాలండీ?" అంది ఫోను.

"అబ్బ! గొంతు కూడా అచ్చం మనిషిదే! ఏయ్ మిషనూ, ఈయనకి ఎప్పట్నించి రాసిపెడుతున్నావ్?"

"పెళ్లయిన దగ్గర్నించి."

"పెళ్లా? ఎవరికి?"

"నాకూ ఆయనకీ. ఇంతకీ తమరెవరు?"

మేనేజరు ఫోన్ను కళ్లకు దగ్గరగా పెట్టుకుని ఆ పేరు మళ్లీ చదివాడు. గుమాస్తాగారికి తల కొట్టేసినట్టయింది. ఇక దాచి లాభం లేదు.

"రాసింది మా ఆవిడండీ. ఇదే కాదు, ఇరవై ఏళ్లవీ" అన్నారు. అనేసరికి, చిత్రంగా, గుండె తేలికపడింది.

"ఇన్నాళ్లకి చెప్పారా?" అంది ఆవిడ.

అప్పటికే గుమ్మంలో నిలబడి అంతా వింటున్న పెద్దాఫీసరు, "నా చివరి ఉత్తర్వు రాసుకోండయ్యా. పత్రిక ఆవిడకివ్వండి" అన్నాడు.

ఆ నెల పత్రిక మొదటి పేజీలో సంపాదకురాలిగా ఆవిడ పేరు అచ్చయింది. గుమాస్తాగారి పేరు కూడా పడింది, చివరి పేజీ అడుగున, అచ్చుతప్పులకు బాధ్యులుగా.