నీటిమొక్కల నిమిత్తం బెల్లం ఊట

ఇందుమూలంగా సమస్త జనులకూ తెలియజేయడమేమనగా, చిత్తూరులో ఇరవై నాలుగు కాపురాలున్న ఒక అపార్ట్‌మెంటులో, తులసీరాం గారి చేపలతొట్టిలోని మొక్కలకు కార్బన్ డయాక్సైడ్ ఏ విధానంలో అందించాలో తేల్చడానికి ఒక ఉన్నతస్థాయి కమిటీ ఏర్పడింది. అధ్యక్షులు తులసీరాం గారే. ఆయన కాకపోతే ఇంకెవరుంటారు?

తులసీరాం గారు ఆషామాషీ మనిషి కాదు. సారా పట్టే శాఖలో ముప్పై మూడేళ్లు పనిచేసి ఇన్‌స్పెక్టరుగా దిగిపోయారు. సారా కాచేవాళ్లు పులియబెట్టుకుంటే ఆయన బూటుకాలితో తన్ని ఒలకబోసిన బెల్లం ఊటనంతా ఒకచోట చేరిస్తే కాణిపాకం దాకా కాలవ పారేది. అంతటి మనిషికి, రిటైరైన మర్నాటి నుంచి సెల్యూట్ కొట్టే నాథుడు లేకుండా పోయాడు. ఆఖరికి అపార్ట్‌మెంటు వాచ్‌మన్ కూడా కూర్చునే పలకరించాడు. ఆ రోజు ఆయనకు అన్నం సహించలేదు.

అందుకని చేపలతొట్టి కొన్నారు. కనీసం మొక్కలైనా చెప్పినట్టు నిటారుగా నిలబడతాయని ఆశ. పెట్టెమీద బొమ్మలో పచ్చగడ్డి తివాచీ ఉంది. తొట్టిలో మాత్రం ఉడికిన గోంగూర తయారైంది.

"ఏందయ్యా ఈ కుళ్లునీళ్లు?" అంది భార్య నాగరత్నమ్మ. "ఉగాదికి ఇవి పచ్చబడకపోతే తొట్టి మిద్దెపైకి పోతాది. ఈడ నా గ్రైండరు పెట్టుకుంటా."

ఆ మాట గుండెలో దిగబడింది. తొట్టి పోతే ఈ భూమ్మీద తులసీరాం గారి అధికారం నడిచే చోటు నాలుగడుగులు కూడా మిగలదు.

చేపల అంగడి మురుగేష్ వచ్చి చూసి తేల్చాడు. "మొక్కలకి గ్యాసు ఇయ్యాల సార్. సిలిండరు పెట్టుకుంటే మేలు. మాత్రలు కూడా ఉండాయి. అవీ వద్దంటే సీసాలో నీళ్లు పోసి, నాలుగు చెంచాల చక్కెర, చిటికెడు ఈస్టు వేసి, మూతకి ట్యూబు తగిలించు సార్. అదే గ్యాసు వస్తాది."

బుద్ధిలేనివాడైతే అప్పుడే ఏదో ఒకటి కొనేసేవాడు. తులసీరాం గారు కమిటీ వేశారు. సభ్యులు ముగ్గురు: మురుగేష్, వాస్తు సిద్ధాంతి గిరిప్రసాద్, కింది అంతస్తులో ఉండే బెల్లం మండీ మునిప్రసాద్. సమావేశానికి నాలుగేసి వడలు ఖర్చయ్యాయి, తొట్టిలో నాలుగేసి ఆకులు రాలాయి.

సిలిండరు ప్రస్తావన రాగానే గిరిప్రసాద్ కండువా సర్దుకున్నాడు. "గ్యాస్ సిలిండరు అంటే సాక్షాత్తూ అగ్ని! అగ్ని స్థానం ఆగ్నేయం. నీళ్లతొట్టి ఉండేది ఈశాన్యంలో. రెండూ ఒక మూల చేరితే ఇంటి యజమానికి గండం!"

"ఇది మంటలు ఆర్పే గ్యాసు స్వామీ," అన్నాడు మురుగేష్.

"మంటతో సంబంధం ఉండబట్టే కదప్పా ఆర్పేది!"

ఈ తర్కానికి సభ తలవంచింది. సిలిండరు ఆగ్నేయంలో, అంటే వంటింట్లో పెట్టి, పూజగది మీదుగా, పడకగది మీదుగా నలభై అడుగుల ట్యూబు లాగాలని తీర్మానించారు. "నా వంటింట్లోకి ఇంకో సిలిండరు వస్తే నేను ఐరాలకి, మా పుట్టింటికి పోతా," అని నాగరత్నమ్మ గడపలోంచే తీర్మానాన్ని కొట్టేసింది. మాత్రలు ఆ ఇంట్లో ఇప్పటికే రెండు డబ్బాలు ఉన్నందున ఆ పద్ధతిని పరిశీలించలేదు.

మిగిలింది చక్కెర. అప్పుడు లేచాడు మునిప్రసాద్. "చిత్తూరు గడ్డ మీద పుట్టి చక్కెర వేస్తారా? సిగ్గుండొద్దా అబ్బా? బెల్లం ఉండాది మనకి, బెల్లం!" చప్పట్లతో వడల ప్లేట్లు అదిరాయి. బెల్లం నైవేద్యపు వస్తువు కాబట్టి ఏ మూలైనా పెట్టొచ్చని సిద్ధాంతి ఆమోదించాడు. నాలుగు చెంచాలు చాలని మురుగేష్ మొత్తుకున్నాడు. "రేపు కొరత వస్తే బాధ్యులెవరు?" అని అధ్యక్షులు గద్దించి, ఒక బస్తా నల్లబెల్లం, మూడు ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు మంజూరు చేశారు.

ముప్పై మూడేళ్లు ఊట పట్టినాయనకు ఇదేమిటో తెలియలేదా అని మీరు అడగొచ్చు. ఊట అంటే అడవిలో, వాగు పక్కన, కుండలో ఉండేది. హాల్లో, సోఫా పక్కన, ట్యూబు తగిలించి ఉండేదాన్ని వ్యవస్థ అంటారు.

వ్యవస్థ అద్భుతంగా పనిచేసింది. వారానికి మొక్కలు కళకళలాడాయి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచాయి. అవి హర్షం వెలిబుచ్చుతున్నాయని అధ్యక్షులు నమోదు చేసుకున్నారు. ఊపిరాడక చస్తున్నాయని మురుగేష్ పరుగున వచ్చి ట్యూబు సగం బిగించాడు. వాసన మాత్రం మెట్లదాకా పాకింది. రెండో అంతస్తులో ఉండే రిటైర్డు తహశీల్దారు గారు లిఫ్టు మానేసి, ఆరోగ్యం కోసమని రోజుకు ఆరుసార్లు మెట్లెక్కి దిగడం మొదలుపెట్టారు. ఏడోసారి ఎక్కి, సారా పట్టే శాఖకు ఫిర్యాదు చేశారు.

జీపు వచ్చింది. దిగినవాడు మునస్వామి. ఒకప్పుడు తులసీరాం గారి కింద కానిస్టేబులు, ఇప్పుడు ఎస్సై. గుమ్మంలో పాత సారును చూడగానే అలవాటుకొద్దీ మడమలు కొట్టి సెల్యూట్ చేశాడు. పద్నాలుగు నెలల తర్వాత మొదటి సెల్యూట్! పెద్దాయన కళ్లు చెమర్చాయి.

"ఏం మునస్వామీ, బాగుండావా? ఎవర్ని పట్టను వచ్చినావు?"

"ఈడ బెల్లం ఊట ఉండాదని ఫిర్యాదు వచ్చింది సార్."

"యాడరా? ఎవడు వాడు?"

మునస్వామి నేల చూశాడు. "మీరే సార్."

తర్వాత జరిగింది శాఖ చరిత్రలో చెప్పుకోదగ్గది. మునస్వామి పంచనామా రాస్తుంటే తులసీరాం గారు రెండు వాక్యాలు ఓర్చుకున్నారు. మూడోదానికి మండిపోయింది. "నేను నేర్పింది ఇదేనా? రాసుకో. నిందితుడు తులసీరాం మమ్ములను చూసి పారిపోబోగా, చుట్టుముట్టి పట్టుకున్నాము."

"మీరు సోఫాలోనే ఉండారు కదా సార్!"

"పారిపోబోయినాడని లేకుంటే కోర్టులో నిలబడతాదా? రాయి!"

రెండు క్యాన్లు ఆయన పర్యవేక్షణలోనే బాత్రూములో ఒలికాయి. మూడోదాని మీద మునస్వామి చెయ్యి పడగానే ఆయన చూపు తొట్టి మీదికి పోయింది. గ్యాసు ఆగితే మళ్లీ గోంగూర. ఆ తర్వాత గ్రైండరు. క్యానుకు అడ్డంగా నిలబడ్డారు.

"ఆగు! శాంపిల్ ఉంచద్దా? ఒకటి మీకు, ఒకటి నిందితుడికి. రూలు!"

అలాంటి రూలు మునస్వామికి గుర్తులేదు. కానీ సారు చెప్పాక అది రూలే. ఒక సీసా నింపుకుని, మూడో క్యానుకు ట్యూబుతో సహా లక్క సీలు వేసి, సెల్యూట్ కొట్టి వెళ్లాడు. ఇక నాగరత్నమ్మ తొట్టిని కదిపితే సాక్ష్యాన్ని తారుమారు చేసిన నేరం. గ్రైండరు వంటింట్లోనే ఉంది. పదిహేను రోజులకోసారి తొట్టిలోంచి ట్యూబు కొస బయటికి తీసి, సీలు చెడకుండా దానిగుండానే కాస్త బెల్లం నీళ్లు, కాస్త ఈస్టు పోసి తులసీరాం గారు సాక్ష్యాన్ని తాజాగా ఉంచుతున్నారు.

ఉగాదికి తొట్టిలో పచ్చటి తివాచీ పరుచుకుంది. చూసినవాళ్లంతా మొక్కల ప్రేమికులైపోయారు. ఒక్కొక్కరే వచ్చి, తలుపు దగ్గరగా వేసి, పద్ధతి అడిగి రాసుకుపోయారు. ఇప్పుడు ఆ అపార్ట్‌మెంటులో పదకొండు ఇళ్లలో ఈ వ్యవస్థ ఉంది. తహశీల్దారు గారింట్లో రెండు క్యాన్లు.

మురుగేష్ సంబరపడి, సంచీనిండా చేపలతో అన్ని గడపలూ ఎక్కి దిగాడు. "తొట్టికేం తొందరప్పా, ముందు గ్యాసు కుదరనీ," అన్నారు అందరూ.

సాయంత్రం తులసీరాం గారు మెట్లు దిగుతుంటే పెద్దమనుషులంతా లేచి సెల్యూట్ కొడుతున్నారు. వాచ్‌మన్ కూడా లేస్తున్నాడు, గోడ పట్టుకుని. కొన్ని చేతులు నుదురు దాటి చెవిదాకా పోతున్నమాట వాస్తవమే. అయినా తులసీరాం గారు ఎవర్నీ తప్పుపట్టరు, నిలబడి ప్రతి సెల్యూట్‌నూ అందుకునే పోతారు.