గుండ్రాళ్ల కచేరీ

ఒక పెద్ద అడవి. ఎంత పెద్దదంటే, ఈ చివర చిరుత తుమ్మితే ఆ చివరున్న లేడి "చిరంజీవ" అనేసరికి ఆ చిరుతకు మునిమనవలు పుట్టేసేవారు.

ఆ అడవి నడిబొడ్డున గేదెల బురద క్లబ్బు. సాయంత్రమైతే చాలు, సభ్యులంతా మెడదాకా బురదలో దిగి, కళ్లు మూసుకుని లోకాన్ని బాగుచేసేవారు. అక్కడ కచేరీ కప్ప బుగ్గారావు బృందానిది. ఆయన బుగ్గలు పూరిస్తే గుమ్మడికాయలు సిగ్గుపడేవి. ఆయన భార్య చిత్తడమ్మ వానపాట అందుకుందా, మేఘం ఎక్కడున్నా కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పరుగెత్తుకొచ్చి కురవాల్సిందే. క్లబ్బులో బురద ఎండకుండా ఉన్నది ఆ పాట పుణ్యమే.

కూలి అంటారా? గేదెల మీద వాలిన ఈగలన్నీ వాళ్లవే. ఇంట్లో కోటిమంది తోకకప్ప పిల్లలు ఆ ఈగల మీదే బతుకుతున్నారు.

అయినా క్లబ్బు సెక్రటరీ దున్నపోతు మహిషయ్యకు తృప్తి లేదు. "కాస్త మెల్లగా పాడవయ్యా బుగ్గారావూ! సభ్యులు మాట్లాడుకోవద్దూ? కీచురాళ్లు ఊరికే పాడతామని రోజూ వచ్చి నా తోక పట్టుకుంటున్నాయి. ఒక్క సాయంత్రం మానావో, నీ చోటు వాటిదే."

సరిగ్గా అప్పుడే దిగాడు నక్క నాగలింగం. పెళ్లయినా పెద్దకర్మయినా ఒకే నవ్వుతో జరిపించే ఈవెంటు మేనేజరు.

"బుగ్గన్నా! రేపు సాయంత్రం సింహంగారి అమ్మాయి పెళ్లి. కచేరీ నీదే. విందులో ఉసిళ్లు, తిన్నన్ని. పైగా పేరొస్తుంది."

"రేపు క్లబ్బుందిగా లింగం!"

"అయితే కుదరదని సింహంగారికి నువ్వే చెప్పుకో. ఆయన ముందు వింటారు, తర్వాత తింటారు. అన్నట్టు, ఆ వానపాట మాత్రం ఎత్తకండి. పెళ్లి ఆరుబయట."

బుగ్గారావు బుగ్గలు చప్పబడిపోయాయి. చిత్తడమ్మ మాత్రం నవ్వింది.

"ఏమయ్యా, ఆ గేదెలు ఎప్పుడైనా కళ్లు తెరిచి మన మొహాలు చూశాయా?"

"లేదే."

"మరి అక్కడ మన మొహాలే ఉండాలా?"

మర్నాడు క్లబ్బు వేదిక మీద గుండ్రాళ్లు కూర్చున్నాయి. ఒంటికి పాచి, కళ్లకు సున్నం బొట్లు. బుగ్గారావు రాయికి బుగ్గారావు కంటే హుందాతనం ఎక్కువ.

అసలు బృందం పెళ్లికి పరుగెత్తింది. అక్కడ వాళ్లను వంటగిన్నెల వెనక కూర్చోబెట్టారు. పల్లవి ఎత్తగానే ఎలుగుబంటి వచ్చి మైకు లాక్కున్నాడు. "ఎవరిదో ఏనుగు దారికి అడ్డంగా నిలబెట్టి ఉంది. దయచేసి తీయించండి!"

వినేవాడు లేడు, ఊఁ కొట్టేవాడు లేడు. అంతలో పెళ్లికొడుకు తల్లి, ఓ పెద్ద ఆడసింహం, ఆవులించి అడిగింది.

"ఏమండీ కప్పగారూ, క్లబ్బులో ఏదో వానపాట పాడతారటగా? మేం పనికిరామా?"

పందిరంతా బిగుసుకుపోయింది. కానీ అడిగింది వియ్యపురాలు. మగపెళ్లివారి ముందు సింహమైనా పిల్లి అవ్వాల్సిందే. పెళ్లికూతురి తండ్రి పళ్లు నూరుకుంటూ, "పాడండి" అన్నాడు.

చిత్తడమ్మ పుట్టి బుద్ధెరిగాక, నీ పాట వింటామని అడిగినవాళ్లు వీళ్లే. ఇంక ఆగుతుందా? ప్రాణమంతా గొంతులో పెట్టి పాడింది.

అది వానా? ఎవరో సముద్రాన్ని ఉతికి, పిండకుండా పందిరి మీద ఆరేసినట్టుంది! సింహంగారి జూలు ఒంటికి అంటుకుపోయింది. లోపల చూస్తే బీరకాయంత మెడ.

"అమ్మా! మామగారు పిల్లే!" అని పెళ్లికొడుకు దొర్లి దొర్లి నవ్వాడు.

"ఈ కప్పల్ని తెచ్చిందెవడ్రా?" సింహం గర్జించింది.

"కప్పలా? ఎక్కడండీ?" అన్నాడు నాగలింగం.

ఉసిళ్ల మొహమైనా చూడకుండా బృందం క్లబ్బుకు ఒకటే గెంతు. తీరా చూస్తే అడవంతా కురిసిన వానకు బురద పొంగిపొర్లుతోంది. మహిషయ్య గుండ్రాళ్ల మెడల్లో దండలు వేస్తున్నాడు.

"ఆహా, ఏం కచేరీ! మా మాటలకు ఒక్కసారీ అడ్డు రాలేదు. వాన చూస్తే ఎన్నడూ లేనంత! పైగా ఒక్క ఈగ తినలేదు. రాళ్లయితేనేం, ఇక్కడ మీరే పర్మనెంటు!"

"సెక్రటరీగారూ, ఆ వానపాట మాదండీ! పెళ్లిలో పాడాం!" బుగ్గారావు ఆయాసపడ్డాడు.

"ఓహో. అయితే క్లబ్బు ఎగ్గొట్టి పెళ్లికి పోయావన్నమాట."

బుగ్గారావుకు ఇంట్లో కోటి నోళ్లు గుర్తొచ్చాయి.

"ఏదైనా పని ఇప్పించండి బాబూ."

"రాళ్లు తుడిచే పని ఉంది. సగం ఈగలు."

ఇప్పటికీ మొగుడూ పెళ్లాలు సాయంత్రం ఆ రాళ్లు తుడుస్తుంటారు. తుడుస్తూ తుడుస్తూ చిత్తడమ్మ లోలోపల వానపాట కూనిరాగం తీస్తుంది. వాన కురుస్తుంది. గేదెలు రాళ్లకు చప్పట్లు కొడతాయి.

అందుకే నాయనా, నీ బదులు ఎవరినైనా కూర్చోబెట్టాల్సి వస్తే, నీకంటే తక్కువ మాట్లాడేవాణ్ణి మాత్రం కూర్చోబెట్టకు.