రోటండిటీ గుడ్డు

రాష్ట్రంలో ఇకపై ఏ పిల్లా బక్కగా ఉండడానికి వీల్లేదని మంత్రిగారు నంద్యాల సభలో ప్రకటించారు. అందుకోసం ఒక ఇంగ్లీషు మాట కూడా వెంట తెచ్చారు. రోటండిటీ.

"రోటండిటీ అంటే గుండ్రంగా ఉండటం. లాటిన్‌లో రోటా అంటే చక్రం. దాన్నుంచి రోటండస్, అంటే చక్రంలా గుండ్రనిది. అందులోంచి పుట్టింది ఈ మాట," అని పీఏ సందీప్ రాసిచ్చిన చీటీ చూసి చదివారు. ఉదాహరణ కోసం పక్కకు తిరిగి నిలబడ్డారు. జనం ఆయన పొట్టను చూసి చప్పట్లు కొట్టారు. లాటిన్ అంత తేలిగ్గా నేర్పిన నాయకుడు జిల్లాలో అంతకు ముందు లేడు.

ఆళ్లగడ్డ అంగన్‌వాడీ టీచర్ జీవమ్మ ఆ ప్రసంగాన్ని ఫోన్లో చూసి సంబరపడింది. ఆమె కేంద్రానికి గుడ్లొచ్చి నెలలవుతోంది. ఎండలకు కోళ్లు సరిగా పెట్టడం లేదని కాంట్రాక్టర్ ప్రభాకర్ చెప్తున్నాడు. ప్రభాకర్ మంత్రిగారి బామ్మర్ది కాబట్టి కోళ్లదే తప్పు. పిల్లలు నీళ్లపప్పుతో తింటున్నారు. నాలుగేళ్ల శ్రీజ గౌను భుజాల మీంచి జారిపోతోంది.

అంతలో శుక్రవారం మంత్రిగారే ఆ కేంద్రానికొచ్చి పిల్లల రోటండిటీని పరిశీలిస్తారని కబురొచ్చింది. జీవమ్మ ప్రభాకర్‌కు ఫోన్ చేసి ఇప్పుడైనా గుడ్లు పంపమంది.

"పంపుతాగానీ, కోడిగుడ్డు ఒకపక్క సన్నంగా ఉంటాది కదమ్మా. మా బావ పాలసీకి అది వ్యతిరేకం," అన్నాడు ప్రభాకర్.

అధికారులకూ అది నిజమేననిపించింది. కోడికి నోటీసివ్వడానికి ఏ సెక్షనూ దొరకలేదు. చివరికి దారి చూపింది ప్రభాకరే. ఆళ్లగడ్డలో శిల్పులకేం తక్కువ? దేవుళ్లను చెక్కే చేతులు తెల్లరాతిలో గుండ్రటి గుడ్లు చెక్కాయి. శుక్రవారం పొద్దున్నే ట్రేలు దిగాయి.

మంత్రిగారు ఒకటి తీసుకుని, అటూ ఇటూ తిప్పి మురిసిపోయారు.

"ఏం బరువుందప్పా. గుడ్డంటే ఇదీ."

సూపర్‌వైజర్ వాణి కొంగు పట్టి లాగుతున్నా జీవమ్మ ఆగలేదు.

"సార్, ఇవి రాళ్లు. పిల్లోళ్లు ఎట్ల తినేది?"

అందరూ ప్రభాకర్ వంక చూశారు. మంత్రిగారు మాత్రం తొణకలేదు.

"పగుల్తాయా?" అని బామ్మర్దిని అడిగారు.

"పగలవు బావా."

"కుళ్లుతాయా?"

"జన్మలో కుళ్లవు."

"మరి దినామూ కొత్తవి కొనేదేందిరా?"

అందరిముందూ అంత కఠినంగా మందలించేసరికి ప్రభాకర్ తలదించుకున్నాడు. అలాగే తలదించుకుని గుడ్ల నిర్వహణ కాంట్రాక్టు తీసుకున్నాడు.

పిల్లల్ని అక్కడికక్కడే తూచారు. సందీప్ ఒక్కో జేబులో ఒక్కో గుడ్డు వేయించాడు. శ్రీజ గౌనుకు జేబు లేకపోతే చేతికిచ్చి కాటా ఎక్కించాడు. ముల్లు గంతేసింది. పిల్లలు ఒక్క పూటలో ఇంత బరువెక్కడం దేశంలోనే మొదటిసారని మర్నాడు పేపర్లు రాశాయి.

సోమవారం ఆర్డరొచ్చింది. మధ్యాహ్నం ప్రతి కంచంలో గుడ్డు విధిగా వడ్డించాలి. పిల్లలు తిన్నాక గుడ్లు కడిగి, ట్రేల్లో సర్ది, బీరువాలో పెట్టి తాళం వేయాలి. ఒక్కటి తగ్గినా టీచర్‌దే బాధ్యత.

జీవమ్మ వడ్డించింది. అన్నాలయ్యాక పిల్లలందరూ గుడ్లు అప్పజెప్పారు. శ్రీజ మాత్రం గుప్పిట విప్పలేదు.

"ఇయ్యి మా, బీరువాలో పెట్టాల," అంది జీవమ్మ.

"నేనింకా తినలే టీచరమ్మా."