కొబ్బరి కేకు కొన్నవాడి వృత్తి

ఆహా! మొక్కజొన్నల మహార్ణవమధ్యమున, అయోవా రాష్ట్రమున, ప్రచండమార్తాండుడు జూలై పదిహేనవ తేదీని పెనముమీది అట్టువలె మాడ్చుచున్న అపరాహ్ణవేళ, అమెరికా చట్టసభయగు కాంగ్రెసునకు పోటీచేయు అభ్యర్థిని యొక్క ప్రచారకోశమునకు ఏకైక రక్షకురాలును, నలువదేండ్లు లెక్కల పంతులమ్మగా ఖాళీ జవాబులకు సున్నాలు చుట్టిన కఠోరవ్రతయు నగు వెర్నా హ్రుస్కా, తన త్రైమాసిక నివేదికలో ఒక గడి ఖాళీగా నుండుట గాంచి నిలువునా కంపించెను.

ఇన్నూరు డాలర్లు మించి ఇచ్చిన దాత వృత్తియు, పనియిచ్చు యజమానియు వ్రాయవలెనని చట్టము. ప్రచారనిధికై జరిగిన కేకుల వేలములో కొబ్బరి కేకుకు ఇన్నూటయైదు పాడినవాడు ఆర్విల్ ట్వెట్, వృత్తి చెప్పడు. అడిగితిమి, చెప్పలేదని వ్రాసినను చట్టమూరకుండును, వెర్నా ఊరకుండునా? నివేదికపై నేటి తపాలా ముద్ర పడుటకే గడువు; ఐదింటికి తపాలా కార్యాలయము మూతపడును. నాలుగుంబావుకు ఆ వీరవనిత తుప్పుపట్టిన పికప్పు ట్రక్కు నధిరోహించి, ధూళిమేఘములు రేపుచు శత్రుప్రాంగణము జొచ్చెను.

“ఒరేయ్ ఆర్విల్! ఫోనెత్తవేంరా?”

ట్రాక్టరు క్రిందినుండి ఆ పూర్వశిష్యుడు గర్జించెను. “ఎందుకెత్తాలి టీచర్? నేను రాజకీయాలకి చిల్లిగవ్వ ఇవ్వలేదు. కేకు కొన్నాను. అదీ ఆ పక్కింటి గ్లెన్‌గాడికి దక్కకూడదని! మీ అభ్యర్థికి ఓటు కూడా వెయ్యను.”

“ఓటు నీ ఇష్టం. ప్రచారం కోసం వేలమేస్తే కేకు ధరంతా చందాయేరా. మైదా ఖర్చు కూడా తీసెయ్యరు. రిటైర్డ్ అని రాసుకోనా?”

అంతే! అరువదిరెండేండ్ల ఆ మహాకాయుడు గ్రీజుచర్చితాంగుడై, కుంటుచు లేచి నిలిచెను.

“రిటైర్డా? మోకాలు పాడైందని మావాళ్లు సగం పొలం కౌలుకిచ్చేస్తే ఊరంతా ఇదే మాట! మొన్న ఇరవై ఎకరాల గడ్డి కోసింది ఎవరు, మా తాతా?”

పాపము, ఆ మాట ఆయన గుండెలో ములుకై యుండెను. వెర్నా కలము తెరచెను.

“మరేం రాయను?”

“రైతు. పెద్దక్షరాల్లో.”

“యజమాని?”

“మా ఆవిడ.”

“ఆర్విల్!”

“సరే, సొంత సేద్యం.” కాగితము వంక తేరిపార జూచి గొంతు తగ్గించెను. “ఇది... అందరూ చూడొచ్చా?”

“దేశమంతా చూడొచ్చు. ఈ తంటా అంతా అందుకేగా.”

“గ్లెన్ కూడా?”

“గ్లెన్ కూడా.”

“అయితే త్వరగా పోండి టీచర్, పోస్టాఫీసు మూసేస్తారు!”

నాలుగు యాభైయెనిమిదికి తపాలా ముద్ర ధణేల్మని పడెను. సకలదిక్పాలకులారా, వినుడు! రెండంగుళముల గడి నిండెను. అభ్యర్థిని ఓటమి ఎటులున్నను ఖాయమే కాని, ఆర్విల్ ట్వెట్ రైతని అమెరికా సంయుక్తరాష్ట్రములకు తెలిసెను.