మేస్త్రీ గారి కంప్యూటరు ప్రక్షాళన

ఆదివారం పొద్దున రంగుల మేస్త్రీ వేసుకున్న పథకం నిజానికి చాలా చిన్నది. భార్య వాళ్ళక్కయ్య ఇంటికి వెళ్ళింది, సాయంత్రానికి గానీ రాదు. ఆమె వచ్చేలోగా ఇంట్లో కంప్యూటరును కొత్తదానిలా చేసి, తన ఫోనులో ఉన్న ఫోటోలను దానికెక్కించి, కాగితాల మీద అచ్చు తీసుకోవాలి. అవి ఆయన ఇన్నేళ్ళుగా రంగులు వేసిన ఇళ్ళ ఫోటోలు. సోమవారం వాటిని పట్టుకెళ్ళి బడి పెద్ద మేడమ్‌కు చూపించాలి. ఆవిడకు నచ్చితే మూడంతస్తుల బడి మొత్తానికీ రంగులేసే పని ఆయన చేతికొస్తుంది. పడగ్గదులకూ పిట్టగోడలకూ రంగులు వేసీ వేసీ విసిగిపోయిన మనిషికి అది చిన్న సంగతి కాదు.

అడ్డల్లా ఆ కంప్యూటరే. మీట నొక్కి స్నానం చేసి వచ్చినా అది ఇంకా ఒళ్ళు విరుచుకుంటూనే ఉంటుంది. "ఇంత బద్ధకపు సరుకుని నా జన్మలో చూళ్ళేదు. నా దగ్గర పనిలో ఉంటే మధ్యాహ్నానికే పంపించేసేవాణ్ణి!" అని ఆయన దాని మీద మండిపడని రోజు లేదు. డీటీపీ పని చేసుకునే ఆయన భార్య మాత్రం ఈ మధ్య ఎందుకో దాన్ని పల్లెత్తు మాట అనడం మానేసింది.

ఎదురింట్లో ఒక పెద్దాయన ఉన్నాడు. అడిగినా అడక్కపోయినా సలహా చెప్పకుండా గుమ్మం దిగనివ్వడు గనుక వీధి వీధంతా ఆయన్ని సలహాల బాబాయి అంటుంది. విషయం వినగానే ఆయన చేతిలో ఒక డిస్కుతో దిగబడ్డాడు.

"ఒరేయ్ అబ్బాయ్, ఇది తుడిచే డిస్కు. లోపలున్న పాత సిస్టమంతా దీంతో తుడిచెయ్. ఆ తర్వాత కంప్యూటరుతో పాటు వచ్చిన డిస్కులుంటాయి చూడు, అవి పెట్టి సిస్టం కొత్తగా ఎక్కించుకో. చిటికెలో పని."

"అంతేనా బాబాయ్? దీనికా ఇన్నాళ్ళు ఏడిచింది!"

ఆ డిస్కులు ఇంట్లో ఉన్నాయో లేవో ముందు చూసుకోమన్న సలహా ఒక్కటే ఆ నోట రాలేదు. ఆయన భోజనానికి వెళ్ళిపోయాడు.

మేస్త్రీకి వృత్తిలో ఒక పట్టుదల ఉంది. ఇల్లు పూర్తిగా ఖాళీ చేస్తే తప్ప బ్రష్షు డబ్బాలో ముంచడు. మంచాలు జరిపి, వాటి మీద గుడ్డ కప్పి, కనిపించిన మేరకు పులిమేసే బాపతు కాదాయన. డిస్కు పెట్టగానే తెర మీద మూడు గడులు వచ్చాయి. ఒకటి సి, ఒకటి డి, చివర పేరూ ఊరూ లేని బుల్లి గడి. ఆయన సి తుడిచాడు. డి తుడిచాడు. బుల్లి గడి దగ్గరకు వచ్చేసరికి, దీన్ని ముట్టుకోకపోవడం మంచిదని యంత్రం హెచ్చరించింది. ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"స్టోరు గది ఎవరూ చూడరులే అని వదిలేసే రకాన్ననుకున్నావా నన్ను? వీధిలో అడుగు పో!" అని కసిగా మీట నొక్కాడు. అదీ శుభ్రమైపోయింది.

తెర నల్లబడింది. సిస్టం దొరకలేదు, డిస్కు పెట్టండి అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది. మేస్త్రీ అప్పుడు లేచాడు డిస్కులు వెతకడానికి.

బీరువా వెతికాడు. సొరుగులు బోర్లించాడు. అటక మీది అట్టపెట్టెలన్నీ కిందికి దింపాడు. తుప్పు పట్టిన రోలర్లూ, ఎండి బిగుసుకుపోయిన బ్రష్షులూ, ఎప్పుడో పోయిందనుకున్న ఎడమకాలి చెప్పూ దొరికాయి గానీ డిస్కు జాడ లేదు. వెతికేకొద్దీ ఒళ్ళు మండిపోయింది. "ఏ వస్తువైనా ఒక్కచోటే ఉండాలని నెత్తీ నోరూ కొట్టుకుని చెబుతాను! ఈ కొంపలో నా మాట వినే నాథుడేడీ?" అని ఎవరూ లేని ఇంటిని దులిపేసి, భార్యకు ఫోను చేశాడు.

"కంప్యూటరు డిస్కులెక్కడ దాచావ్?"

"ఏ డిస్కులండీ? ఇప్పుడెందుకు?"

"ఊరికే."

"ఊరికే డిస్కులతో ఏం పనండీ మీకు?"

"ఆ మాత్రం నా ఇంట్లో నేను అడక్కూడదా?" అని విసురుగా పెట్టేసి, కంప్యూటరు అమ్మిన కొట్టువాడికి చేశాడు. డిస్కులివ్వకుండా మోసం చేశావని వాణ్ణి ఉతికి ఆరేశాడు. వాడు ఓపిగ్గా అంతా విన్నాడు.

"సార్, వాటికి డిస్కులు రావు సార్. సిస్టం మొత్తం లోపలే ఒక మూల దాచి ఉంటుంది. చివర్న చిన్న గడి కనబడుతుందే, అదే. దాన్ని తట్టి లేపితే చాలు, సిస్టం దానంతటదే ఎక్కుతుంది."

మేస్త్రీ గొంతు కాస్త తగ్గింది. "దాన్ని... తుడిచేస్తేనో?"

"దాన్నెవరు తుడుస్తారు సార్!" అని వాడు హాయిగా నవ్వాడు.

ఆ నవ్వుకి ఒళ్ళు మళ్ళీ భగ్గుమంది. తాళం వేసుకోవలసిన గదికి తాళం వెయ్యకుండా, చేతికందేలా పెట్టి, పైగా నవ్వుతాడా? ఇదేం మర్యాద? భోజనం ముగించి వచ్చిన బాబాయి దగ్గర ఆయన ఈ అన్యాయమంతా వెళ్ళగక్కాడు. బాబాయి మాత్రం వేరే మాట పట్టుకున్నాడు.

"డి జోలికి పోలేదు కదరా? సామాన్లన్నీ అందులోనే ఉంటాయి."

"ఒక గది తుడిచి ఒక గది వదిలేస్తానా బాబాయ్?"

"మరి మీ ఆవిడ టైపు చేస్తున్న లాయరు గారి పుస్తకం?"

ఆ పుస్తకం మాటే మేస్త్రీకి గుర్తు రాలేదు. ఆ లాయరు తన జీవిత చరిత్ర రాసుకున్నాడు. ఆ కోడిగీతలు ఈ లోకంలో మేస్త్రీ భార్య ఒక్కతే చదవగలదు. నెలల తరబడి కళ్ళు మండేలా కూర్చుని టైపు చేసింది. ఈ వారమే అచ్చుకు ఇవ్వాలి. ఆ జీవితాన్నంతా ఈయన ఒక్క మీటతో ఊడ్చేశాడు. తన ఫోటోలు ఫోనులో భద్రంగా ఉన్నాయన్న ధీమా కూడా ఆ క్షణంలో ఆయనకు సిగ్గుగా అనిపించింది.

"ముందు సిస్టం ఎక్కిద్దాం. ఎక్కితే పోయినవి లాగొచ్చంటారు" అని బాబాయి ఎక్కడినుంచో సిస్టం డిస్కు పుట్టించుకొచ్చాడు. అది కాసేపు బాగానే నడిచి, కంప్యూటరు నంబరు చెబితే గానీ కదలనని మొండికేసింది.

"నంబరు కంప్యూటరు డబ్బా పక్కన కాగితమ్మీద అంటించి ఉంటుందిరా, చూడు."

మేస్త్రీ ఆ పక్కని ఒకసారి తడిమి చూశాడు. పోయినేడాది గోడలకు మీగడ రంగు వేసినప్పుడు, ఆ నల్ల డబ్బా ఒక్కటీ దిష్టిబొమ్మలా ఉందని దానికీ అదే రంగు రెండు పూతలు కొట్టాడు. కాగితం ఆ రెండు పూతల కింద ఉంది.

"కంప్యూటరుకి రంగేంట్రా?"

"బాగుందని మీరే అన్నారుగా!" అని మేస్త్రీ గయ్యిమన్నాడు. రంగు వదిలించే థిన్నరు తెచ్చి, గుడ్డ ముంచి, మెల్లగా రుద్దాడు. పని తెలిసిన చెయ్యి. మొదటి పూత వచ్చింది, రెండో పూత వచ్చింది, వాటి వెనకే అంకెలూ వచ్చేశాయి. గుడ్డ మీద నీలి మరక, డబ్బా మీద తెల్ల కాగితం మిగిలాయి. ముఖ్యమైన నంబరును ఇంత చవకబారు సిరాతో అచ్చువేసిన వాడెవడో వాడి ఏడు తరాలనూ మేస్త్రీ తిట్టిపోశాడు. బాబాయికి ఇంట్లో అర్జంటు పని గుర్తొచ్చింది.

సాయంత్రం భార్య వచ్చేసరికి ఇల్లంతా థిన్నరు వాసన. నట్టింట్లో అటక మీది సామాను, మధ్యలో తల పట్టుకుని మొగుడు. ఆయన కోపంగానే మొదలుపెట్టాడు గానీ చివరికి ఉన్నది ఒప్పేసుకున్నాడు.

"లాయరు గారి పుస్తకం పోయిందే. నేనే తుడిచేశాను. నీ కష్టమంతా మట్టిపాలు చేశాను."

ఆమె చెప్పులు విడిచి, కిటికీ తెరిచి, స్థిమితంగా కూర్చుంది. "పుస్తకం ఇందాకే అచ్చుకిచ్చొచ్చానండీ. ఏడాదిగా అక్కయ్య వాళ్ళింట్లోనే టైపు చేస్తున్నాను. మీరు రంగు కొట్టినప్పుడు ఆ డబ్బా వెనక గాలి కన్నాలన్నీ మూసుకుపోయాయి. అప్పట్నుంచే అది వేడెక్కి నత్తలా నడుస్తోంది. చెబితే నొచ్చుకుంటారని ఊరుకున్నాను."

మేస్త్రీకి పోయిన ప్రాణం లేచొచ్చింది. రాగానే ఉక్రోషం కూడా వచ్చింది. "అంటే ఏడాదిగా నన్ను నమ్మలేదన్నమాట! సొంత మొగుణ్ణి!"

"నమ్మి ఉంటే ఈపాటికి ఏమయ్యేదో మీరే చెప్పండి."

"సర్లే, నా ఫోటోలైనా అచ్చు తియ్యి" అని ఫోను ఆమె ఒళ్ళో పడేశాడు.

ఆమె ఫోను తెరవలేదు. ఆయన ముఖంలోకి చూసింది. ఈసారి ఆమె గొంతులో ఎగతాళి లేదు. "ఇందులో లేవండీ. ఫోను నిండిపోయిందని మీరే గోలపెడితే పోయిన నెల అన్నీ కంప్యూటర్లోకి మార్చాను, మీరే మర్చిపోయారు. అక్కయ్య వాళ్ళింట్లో కూడా ఒకటి దాస్తానంటే వద్దన్నారు. ఏ వస్తువైనా ఒక్కచోటే ఉండాలన్నారు."

మేస్త్రీ ఆ మీగడ రంగు డబ్బా వంక చూశాడు. తిట్టడానికి ఇంక ఎవరూ మిగల్లేదు.

సోమవారం పొద్దున బడి పెద్ద మేడమ్ బల్ల మీద ఆయన ఆ డబ్బానే తెచ్చిపెట్టాడు, థిన్నరు తగిలిన వైపు గోడకు ఆనేలా. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, చేత్తో నిమిరి చూసింది. ఎక్కడా ఒక్క చార లేదు, ఒక్క బొట్టు కారలేదు.

"పనితనం బాగుందే" అందావిడ. "లోపల ఏముంది?"

"ఏమీ లేదు మేడమ్" అన్నాడు మేస్త్రీ. "పూర్తిగా ఖాళీ చేస్తే తప్ప నేను రంగు వెయ్యను."